దొనలో నీళ్ళు

మా అక్కకు ఒక నియమం ఉండేది. ఎక్కిన బస్సులో తిరిగి రాకూడదు. కొండకు ఇవతలి ఊళ్ళో ఒక పల్లెవెలుగు దిగాలి, కొండ దాటాలి, అవతలి ఊళ్ళో ఇంకో పల్లెవెలుగు ఎక్కాలి. పోయిన దోవనే వెనక్కి వస్తే అది నడక కాదట, అంగడికి పోయి ఉప్పు తెచ్చుకోవడమట. అంగడి సంగతి ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పాకాలలో తమ కిరాణా అంగడి గల్లాపెట్టె ముందు జీవితమంతా కూర్చున్న మనిషి. అంగడిని కొడుక్కి అప్పజెప్పిన మరుసటి వారమే నాకు ఫోన్ చేసి, కూర్చుని కూర్చుని నడుము కొయ్యబారిపోయింది, ఇంక నడుద్దాం రమ్మంది.

నాకు నడకంటే గిట్టదు. చిత్తూరులో బట్టలు కుట్టే పని నాది. ఆదివారం ఒక్కరోజు మిషను మూసి కాళ్ళు చాపుకుందామంటే, ఈమె వచ్చి కొండలెక్కమంటుంది. తిట్టుకుంటూనే పోయేదాన్ని. అక్క మాట కాదనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు, మా నాయనకు కూడా లేకపోయింది. పూతలపట్టు కూడలిలో ఆమె పాకాల బస్సు దిగేది, నేను చిత్తూరు బస్సు దిగేదాన్ని. అక్కడ కొండ కింది ఊరి బస్సు రాగానే నేను కిటికీలోంచి తువాలు విసిరి రెండు సీట్లు పట్టాలి. విసరడం నాకు బాగా వచ్చు. అక్క దర్జాగా వెనకాలే ఎక్కి కిటికీ పక్కన కూర్చునేది.

బస్సు దిగితే ముందు మామిడి తోటల నడుమ బండిబాట. తోటలు అయిపోయాక మేకలు నడిచే కాలిబాట, దానికిరువైపులా కలేకాయల ముళ్ళపొదలు. కొండల సందులోంచి అవతలికి దాటే కనుమ అది. కనుమ నెత్తిన బండల మధ్య ఒక దొన ఉంది, వాననీళ్ళు నిలిచే గుంట. పైనున్న బండ నీడకు ఆ నీళ్ళు మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉండేవి. అక్క గొంతుక్కూర్చుని దోసిళ్ళతో తాగేది. మోచేతుల మీదుగా కారి చీరంతా తడిసినా లెక్కలేదు. ఆ నీళ్ళకు రాతి రుచి ఉందని ఆమె, పాచి రుచి ఉందని నేను. నువ్వు నాలుక కూడా మిషన్లో పెట్టి కుట్టుకున్నావేమో, రుచి తెలియదు నీకు అని ఎగతాళి చేసేది.

ఇద్దరు ఆడవాళ్ళు ఊరికే కొండెక్కుతారంటే మా పక్క ఎవరూ నమ్మరు. కొండంటే పైన దేవుడుండాలి, ఎక్కేవాళ్ళకు మొక్కుబడి ఉండాలి. కింది ఊళ్ళో తోట కాపలా ఉండే ఒక అవ్వ మమ్మల్ని రెండుమూడుసార్లు చూసి, ఒకరోజు టెంకాయ, కర్పూరం తెచ్చి అక్క చేతిలో పెట్టింది. తన మోకాళ్ళు పైకి రానివ్వవనీ, ఆ సామికి తన పేరున కొట్టి రమ్మనీ అడిగింది. అక్కడ సామీ లేడు గీమీ లేడు అని నేను చెప్పబోతే అక్క నా చెయ్యి గిల్లింది. దొన పక్క బండ మీద కర్పూరం వెలిగించి, నిష్ఠగా టెంకాయ కొట్టింది. ఆ కొబ్బరి తింటూ అవతలి ఊరిదాకా నవ్వుతూనే దిగాం.

ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. అక్కకు కాళ్ళు వాచాయి, ముఖం ఉబ్బింది. చక్కెర జబ్బు చప్పుడు లేకుండా కిడ్నీలను తినేసిందని తిరుపతి ఆసుపత్రిలో చెప్పారు. వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవాలి. అందుకోసం ఎడమ చేతిలో ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపారు. ఆ చోట వేలు పెడితే లోపల మోటారు తిరిగినట్టు అదిరేది. ఇంతకాలం గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టినారు, ఇప్పుడు మంచానికి కట్టేసి పండబెడతా ఉండారు అంది. దానికంటే పెద్ద శిక్ష నీళ్ళు. రోజుకు ఒక చిన్న సీసా మించకూడదు. ఆ సీసా మూతలో పోసుకుని, మందు తాగినట్టు తాగేది. వేసవిలో పాకాల ఎండకు ఆమె పెదవులు పగిలి ఉంటే, ఎదురుగా కూర్చుని నీళ్ళు తాగడానికి నాకు సిగ్గేసేది.

అయినా నడక మానలేదు. మొదట్లో కనుమ దాకా పోగలిగింది, దొనలో ముఖం మాత్రం కడుక్కునేది. తర్వాత కలేపొదల దాకానే. ఆ తర్వాత మామిడి తోటలు కూడా దాటలేకపోయింది. తోట గట్టు మీద కూర్చుని ఆయాసపడుతూ చాలాసేపు కొండకేసి చూసి, పద అంది. ఆ రోజు మొదటిసారి ఎక్కిన బస్సులోనే తిరిగొచ్చాం. కండక్టరు గుర్తుపట్టి, ఏమక్కా, అప్పుడే అయిపోయిందా అని అడిగాడు. అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

వారం తిరక్కుండానే ఆమే ఇంకో ఏర్పాటు చెప్పింది. నేను ఎప్పటిలా ఇవతలి ఊళ్ళో దిగి కొండ దాటాలి. ఆమె పాకాల నుంచి నేరుగా అవతలి ఊరికి బస్సులో వచ్చి నాకోసం కాచుకుని ఉంటుంది. నియమం చెడకూడదు కదా. ఒంటరిగా కొండ దాటడానికి నాకు భయమని చెప్పినా వినలేదు. ఆ మధ్యలోనే ఆడవాళ్ళకు బస్సు ఉచితమైంది. నడిచే కాళ్ళున్నప్పుడు టికెట్టు కొట్టినారు, ఇప్పుడు ఊరికే తిప్పుతా ఉండారు అని తన సున్నా టికెట్టు చూపించి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నేను దిగి వచ్చేసరికి అవతలి ఊరి బస్ షెల్టరు అరుగు మీద ఉండేది. నా కాళ్ళు బొబ్బలెక్కాయా అని అడగదు. మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"దొనలో నీళ్ళుండాయా?"

ఎంతవరకు ఉన్నాయి, తేటగా ఉన్నాయా, తాగితే ఎలా ఉంది, అన్నీ చెప్పాలి. పాచి రుచే అంటే, నీకు తాగడం రాదే అని తిట్టి, సీసా మూతతో గొంతు తడుపుకునేది. నీళ్ళు తాగకూడని మనిషి నీళ్ళ గురించే అన్నన్ని అడిగేది. ఈసారి వానలు మొహం చాటేశాయి. దొన తగ్గుతూ తగ్గుతూ ఒకరోజు పూర్తిగా ఎండిపోయింది. అబద్ధం చెప్పాలనే దిగాను. ఆమె ముఖం చూశాక నోరు రాలేదు.

"నీళ్ళు లేవక్కా. అడుగంతా నెర్రెలు బారింది," అన్నాను.

"దానికీ కొలత పెట్టినారేమో డాక్టర్లు," అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "వానలు పడితే నిండుతాదిలే. అప్పుడు నా వాటా కూడా నువ్వే తాగు. కడుపు నిండా తాగి, వచ్చి నాకు చెప్పు."

వానలు పడలేదు. అక్కే పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదని వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. తులసి నీళ్ళు పోసేటప్పుడు ఆమె నోట్లోకి ఇంకొంచెం, ఇంకొంచెం అని నేనే పోస్తూ ఉన్నానట. ఎవరో నా చేతిలోంచి చెంబు లాక్కున్నారు.

కర్మలన్నీ అయ్యాక వానలు పట్టుకున్నాయి. చెరువులు అలుగు పారుతున్నాయని అంగట్లో ఎవరో చెబుతుంటే విని, ఆ ఆదివారం బయల్దేరాను. పూతలపట్టులో అలవాటుగా తువాలు విసిరి రెండు సీట్లు పట్టాను. పక్కన ఎవరైనా వస్తారా అని ఒకామె అడిగితే తువాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. తోట దగ్గర అవ్వ నన్ను ఒంటరిగా చూసి, మీ అక్క మొక్కు తీరిపోయినాదా అని అడిగింది. తీరింది అవ్వా అని చెప్పి ముందుకు నడిచాను.

దొన నిండా నీళ్ళున్నాయి, అంచుల మీదుగా పొర్లుతున్నాయి. పక్క బండకు ఎవరో పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. కర్పూరం మసి, టెంకాయ చిప్పలు కూడా ఉన్నాయి. మా అక్క ఎగతాళికి కొట్టిన టెంకాయకు నిజంగానే ఒక దేవుడు పుట్టుకొచ్చాడు. గట్టిగా నవ్వాను. నవ్వుతూనే ఏడుపొచ్చింది. కొండల మధ్య ఎవరూ లేరు కనుక ఏడ్చినంతసేపు ఏడ్చాను. తర్వాత గొంతుక్కూర్చుని నా వాటా తాగాను, ఆమె వాటా తాగాను. మోచేతుల మీదుగా కారి చీర తడిసింది.

ఆమెకు ఏది ముందు చెప్పాలో వరుస పెట్టుకుంటూ దిగాను. ముందు నీళ్ళు, ఆ తర్వాత దేవుడు. దేవుడి సంగతి విని ఆయాసం వచ్చేలా నవ్వుతుంది. ఎన్నడూ లేనంత వేగంగా అవతలి ఊళ్ళోకి వచ్చిపడ్డాను. షెల్టరులో ఒక మేకపిల్ల పడుకుని ఉంది. అక్క కూర్చునే అరుగు ఖాళీగా ఉంది.

పోయి ఆ పక్కనే కూర్చున్నాను. పాకాల బస్సు మలుపు దగ్గర హారను కొట్టింది.

"నీళ్ళుండాయక్కా, నిండా ఉండాయి. నీ వాటా కూడా తాగినాను," అన్నాను. "నువ్వు చెప్పిందే నిజం. రాతి రుచే."