కుడివైపు స్టీరింగ్

పోయిన నెల ఒక ఆదివారం ఉదయం మా బాబాయి పోయాడు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో వాళ్ళ ఎదురింట్లో ఉండే ముసలావిడ నాకు ఫోన్ చేసి చెప్పింది. ఇంటి ముందు డ్రైవ్‌వేలో, తన చేతుల్తో తయారుచేసుకున్న ఎర్ర కారులో కూర్చుని ఉన్నాడట. ఇంజిన్ నడుస్తూనే ఉందట. "నేను చెయ్యి ఊపాను. ఆయన ఊపలేదు. ఎక్కడికో బయల్దేరుతున్నాడు, నన్ను చూడలేదేమో అనుకున్నాను" అందావిడ. గుండె ఆగిపోయిందని తర్వాత డాక్టర్లు చెప్పారు.

ఆవిడ అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. బాబాయి ఎడమవైపు సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు. అమెరికాలో ఎడమవైపు కూర్చున్న మనిషి డ్రైవరే. కానీ ఆ కారుకి స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. ఆ కుడివైపు సీటు ఖాళీగా ఉంది. మా పిన్ని పోయి అప్పటికే మూడేళ్ళు దాటింది. చదివేవాళ్ళకి ఇదంతా అయోమయంగా ఉంటుంది కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

బాబాయి మా నాన్నకి తమ్ముడు. డెట్రాయిట్ పక్కన ఒక కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజనీరు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు వాళ్ళ కారు దగ్గర గొంతుకూర్చుని, చక్రాల సందుల్లోంచి బ్రేకులు చూసిగానీ లోపలికి వచ్చేవాడు కాదు. లోపల పప్పు చల్లారిపోతున్నా సరే. నేను ఎమ్మెస్ చదవడానికి మిషిగన్ వచ్చిన మొదటి చలికాలం, మంచు నిండిన ఒక ఖాళీ పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళి, కారు జారేదాకా నాచేత బ్రేకు తొక్కించాడు. నేను కెవ్వున అరుస్తుంటే పక్కన తాపీగా కూర్చుని, "వెళ్ళడం ఎవడైనా నేర్పుతాడమ్మడూ, నేను ఆగడం నేర్పుతాను" అన్నాడు. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

పిన్నికి పెళ్ళికి ముందే డ్రైవింగ్ వచ్చు. బెజవాడలో వాళ్ళ నాన్నగారి కారు వేసుకుని కాలేజీకి వెళ్ళేదట. రిక్షావాళ్ళని, లారీవాళ్ళని కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టేదట. అలాంటి మనిషి అమెరికా వచ్చి రోడ్ టెస్టుకి వెళ్ళింది. నిప్పులు చెరిగే ఎండలో కుడివైపు తిరగాలి. అలవాటుకొద్దీ కుడిచేత్తో ఇండికేటర్ నొక్కింది. అక్కడ ఉన్నది వైపర్లు. అవి టకటకా అద్దం తుడవడం మొదలుపెట్టాయి. కంగారులో తిరగడం రోడ్డుకి ఎడమపక్కకి, ఎదురొచ్చే బండి ముందుకి తిరిగింది. మన దేశం నుంచి వచ్చిన ప్రతివాళ్ళూ ఒకసారి వైపర్లు వేసినవాళ్ళే, నేను కూడా వేశాను. నవ్వుకుని మర్చిపోతాం. పిన్ని మర్చిపోలేదు. మళ్ళీ టెస్టుకి వెళ్ళనంది. కరివేపాకు కొనాలన్నా, గుడికి వెళ్ళాలన్నా బాబాయి ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీ దగ్గర నిలబడేది. పాతికేళ్ళు అలాగే గడిచాయి. "తలకి తెలిసినా చేతులకి తెలియడంలేదే, నా చేతులు ఇంకా బెజవాడలోనే ఉండిపోయాయి" అని నాతో ఒకసారి అంది.

కార్ల కంపెనీలు వరసగా మనుషుల్ని ఇంటికి పంపుతున్న రోజుల్లో బాబాయి ఉద్యోగం కూడా పోయింది. నెల తిరక్కుండా ఇంటికి పెద్దపెద్ద చెక్కపెట్టెలు వచ్చాయి. వాటిలో ఒక స్పోర్ట్స్ కారు విడిభాగాలుగా ఉంది. చట్రం, బాడీ, తీగలు అన్నీ మనమే బిగించుకోవాలి, ఇంజిన్ మనమే తెచ్చుకోవాలి. రెండే సీట్లు, పైకప్పు లేదు. పిన్ని పాత పోపులడబ్బా గరాజ్‌లోకి వెళ్ళి, ఆవాల గిన్నెలో వాషర్లు, మినప్పప్పు గిన్నెలో నట్లు చేరాయి. ఆ విడిభాగాల కిట్ ఎడమ స్టీరింగ్‌తో వచ్చింది. బాబాయి పెడల్స్ ఊడదీసి కుడివైపుకి మార్చాడు. స్టీరింగ్ అటు తెస్తే చట్రం గొట్టాలు అడ్డొచ్చాయి. గొట్టాలు కోసి కొత్తగా అతికించాడు. ఒక్క ఆ మార్పుకే ఏడాది పట్టింది.

ఉగాదికి తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో అందరూ ఆయన్ని ఆటపట్టించారు. "ఏంటి బావగారూ, కుడిపక్క స్టీరింగా? పోస్టాఫీసులో జాబ్ ఏమన్నా వచ్చిందా?" అన్నారొకరు. ఇక్కడ ఉత్తరాలు వేసే బళ్ళకే స్టీరింగ్ అటు ఉంటుంది మరి. బాబాయి పులిహోర కలుపుకుంటూ, "పెళ్ళాం ఎడమపక్కన కూర్చోవాలి కదండీ. ఇన్నాళ్ళూ ఈ దేశంలో కుడిపక్కన కూర్చోబెట్టి తిప్పాను, పాపం చుట్టుకుంటుందేమోనని" అన్నాడు. ఆడవాళ్ళంతా మురిసిపోయి పిన్ని వైపు చూశారు. పిన్ని తల వంచుకుని నవ్వింది. ఈరోజుకీ ఊళ్ళో తెలుగువాళ్ళు ఆ కారు గురించి ఆ మాటే చెప్పుకుంటారు.

అది అబద్ధం. ఆ కారులో ఎడమపక్కన కూర్చోవలసింది ఆయన. పిన్ని చేతులు ఎక్కడ ఆగిపోయాయో అక్కడికే స్టీరింగ్ తీసుకొచ్చి పెడుతున్నాడు. ఇండికేటర్ కూడా కుడిచేతికే అమర్చాడు. అప్పటికింకా ఇంజిన్ లేదు, తలుపులు లేవు. ఉత్త చట్రం మీద పీట వేసుకుని పిన్ని స్టీరింగ్ తిప్పుతుంటే, పక్కన ఇంకో పీట మీద బాబాయి కూర్చుని, "లెఫ్ట్... ఇప్పుడు రైట్... అదిగో, లారీ" అనేవాడు. పిన్ని నోటితో హారన్ కొట్టి లారీవాణ్ణి తిట్టేది. నేను గరాజ్ గుమ్మంలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని.

తర్వాత పిన్నికి జబ్బు చేసింది. క్యాన్సర్. ఇక ఆ ఇంట్లో మిగిలిన కోరిక ఒక్కటే, పిన్ని ఆ కారు ఒక్కసారి నడపాలి. ఇంజిన్ బిగించాడు, అది మొదటిసారి పలికినరోజు పిన్ని దుప్పటి కప్పుకుని వచ్చి చప్పట్లు కొట్టింది. అంతా అయిపోయిందనుకున్నాం. కానీ బాబాయి బ్రేకు తొక్కి చూసి పెదవి విరిచాడు. పెడల్ కొంచెం మెత్తగా దిగుతోందన్నాడు. ఎక్కడో బ్రేకు నూనె గొట్టంలో గాలి ఉందన్నాడు. మొత్తం విప్పాడు.

"ఏవండీ, నేనేమన్నా హైవే ఎక్కుతానా? వీధి చివరిదాకా చాలు" అంది పిన్ని.

"వీధి చివర స్టాప్ సైన్ ఉంది కదోయ్. ఆగాలా వద్దా?"

చెట్లు ఆకులు రాల్చేశాయి. మళ్ళీ బిగించాడు, మళ్ళీ విప్పాడు. మంచు పడింది. రోడ్డు మీద ఉప్పు చల్లారు, అది ఇనుముని తినేస్తుంది కాబట్టి వసంతం వరకూ ఆ కారు బయటికి తీసే వీలు లేదు. మంచు కరగకముందే పిన్ని వెళ్ళిపోయింది. నాకు బాబాయి మీద పట్టలేనంత కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ కొంచెం ఉంది, దాన్నేం చేసుకోవాలో తెలియడంలేదు.

వసంతంలో బాబాయి కారు బయటికి తీశాడు. కుడివైపు కూర్చుని వీధులన్నీ తిప్పేవాడు. సిగ్నల్ దగ్గర పక్క కారువాళ్ళు అలవాటుగా డ్రైవర్ కోసం ఎడమవైపు చూసేవారు. అక్కడ మనిషి కనపడక ఉలిక్కిపడేవారు. సైకిళ్ళ మీద పిల్లలు దానికి దయ్యం కారని పేరు పెట్టారు.

తర్వాత తిప్పడం కూడా మానేశాడు. ఒక ఉదయం ఇడ్లీలు పట్టుకుని వెళ్ళాను. కారు డ్రైవ్‌వేలో గుర్రుమంటోంది, బాబాయి ఎడమవైపు కూర్చుని ఉన్నాడు. రోడ్డుకేసి చూస్తున్నాడు. ఎటు వెళ్తున్నావు బాబాయ్ అని అడిగాను. "ఉండమ్మడూ, ఇంజిన్ వేడెక్కనీ. మీ పిన్ని తొందరపడదు" అన్నాడు. మామూలు గొంతే. కళ్ళలో నీళ్ళు కూడా లేవు. నేను డబ్బా మెట్ల మీద పెట్టి వచ్చేశాను.

అంత్యక్రియలు అయ్యాక నేనూ, బాబాయి వాళ్ళ అమ్మాయీ ఆ ఇంటికి వెళ్ళాం. అమ్మాయి ఇక్కడే పుట్టింది, వేరే రాష్ట్రంలో, షామ్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తోంది. కారు ఆ రోజునుంచీ డ్రైవ్‌వేలోనే ఉంది. వాన వచ్చేలా ఉంది, లోపల పెట్టాలి.

"నేను డ్రైవ్ చెయ్యను అక్కా. అది అమ్మ సీట్" అంది.

గేరు న్యూట్రల్‌లో పెట్టి తోసేద్దామన్నాను. కుడివైపు తలుపు తీసి కూర్చున్నాను. నేను పొట్టిదాన్ని, పిన్ని అంతే ఉంటాను. నా కాళ్ళు తిన్నగా పెడల్స్‌కి అందాయి. సీటు పట్టాల మీద చివరిదాకా ముందుకి జరిపి ఉంది. బాబాయి ఆరడుగుల మనిషి, మోకాళ్ళు మడిచినా అక్కడ పట్టడు. తల ఎత్తితే వెనక చూసే అద్దం కూడా నా కళ్ళకి సరిగ్గా ఉంది. బ్రేకు తొక్కి చూశాను. రాయిలా గట్టిగా ఉంది. అక్కడ ఇంకో నిమిషం కూర్చోలేకపోయాను. హ్యాండ్‌బ్రేక్ దించి, దిగి, తలుపు వేసేశాను.

ఇద్దరం ముందువైపు చేతులు ఆనించి వెనక్కి తోశాం. స్టీరింగ్ ఎవరూ పట్టుకోలేదు. కారు ఎటూ ఒరగకుండా తిన్నగా గరాజ్‌లోకి వెళ్ళింది. వెనక గోడకి కొట్టుకుంటుందని అమ్మాయి అరిచింది. గోడకి జానెడు ఇవతల, మేము ఆపకుండానే, అది ఆగింది.