ఏడో యాంటెనా కొలత

ఆరేళ్ళుగా ఒక మూరెడు అబద్ధాన్ని మోస్తున్నాను. మీరు మామను ఎరగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కే.జీ.కండిగై ఊరి దగ్గర మా కాలేజీ పొలంలో, ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే యాంటెనాలు ఎనిమిది పెట్టాం. ఎనిమిదీ పట్టినదాన్ని కలిపితే ఒక బొమ్మ వస్తుంది. కలపాలంటే ఏది ఎక్కడుందో కంప్యూటరుకు కచ్చితంగా చెప్పాలి. ఆ కొలతలు నా పని. కేబుళ్ళు అతికే పని మామది. అత్తిమంజేరిపేటలో ముప్పై ఏళ్ళు మగ్గం నేసిన మనిషి, తెగిన పోగు అతికితే అతుకు వేలికి కూడా తగలదు. నాకు వరసకు మామ. నేను వచ్చేదాకా తన క్యారియర్ మూత తీయడు.

"అల్లుడా, ఏడోదాని కింద బండ తగిలింది. ఒక మూర పక్కకు జరిపినా. మళ్ళా కొలిచి రాసుకో," అన్నాడు.

సరే అన్నాను. ఎండ మండిపోతోంది, తిరుత్తణి బస్సుకు వేళయింది. రేపు చూద్దాంలే అనుకుని ప్లానులో ఉన్న అంకెనే రాసేశాను. తర్వాత మరిచిపోయాను.

మొదటి బొమ్మలో, చుక్కలా రావాల్సిన గెలాక్సీ చెదిరిపోయి వచ్చింది. అది ఆకాశంలో జరిగేకొద్దీ ఏడో యాంటెనా ఒక్కటే మిగతావాటితో కలవనంటోంది. ఎండకు అతుకు వదులవుతోందేమోనని మా సారు అందరి ముందూ అనేశారు. మామ నా వైపు తిరిగాడు.

"కొలత సరిగానే ఉండాదా అల్లుడా?"

"ఉండాది మామా."

"నువ్వు కొలిచినాక ఇంకేముండాది. తప్పు నా చేతిలోనే ఉండాది."

అప్పటికి గుర్తుకు రాలేదా? వచ్చింది. ఆయన అడుగుతుండగానే వచ్చింది. మరెందుకు చెప్పలేదు? సారు ముందు పరువు పోతుందని. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని నాలో నేను ఎన్నోసార్లు వెతుక్కున్నాను, లేదు.

మామ మూడు రోజులు ఎండలో కూర్చుని అతుకులన్నీ విప్పి మళ్ళీ వేశాడు. మూడో రోజు అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు నేను కొలిచి, అంకె మార్చాను. బొమ్మ శుభ్రంగా వచ్చింది. అందరూ మామను మెచ్చుకున్నారు. ఆయన తన వేళ్ళు చూసుకుంటూ ఉండిపోయాడు.

ఇప్పటికీ ఏ అతుకు వేసినా దానిమీద మూత బిగించే ముందు నన్ను పిలుస్తాడు. "ఒకతూరి చూడు అల్లుడా, నా చేతిని నమ్మేదానికి లేదు." వంగి చూస్తాను. ఎప్పుడూ ఏ లోపమూ ఉండదు. బాగుండాది మామా అంటే చాలు, ముఖమంతా నవ్వవుతుంది. ఆ నవ్వంటే నాకు ప్రాణం. నిజం చెబితే మళ్ళీ అలా నవ్వుతాడా?

ఆయనకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. ఇక్కడ రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. ఏడో యాంటెనా ఒక మూర పక్కనుంది. మామ చెప్పాడు. నేను కొలవలేదు. ఆయన చేతిలో ఏ తప్పూ లేదు.