వేరే చాప, వేరే తువ్వాలు

2019 వేసవి. ప్రొద్దుటూరులో ఒక చర్మవ్యాధుల డాక్టరు దగ్గర నర్సుగా చేరి అప్పటికి పదకొండేళ్లు. కొత్త పేషెంటు వస్తే ఫ్యామిలీ హిస్టరీ రాయడం నా పని. అంటే, ఈ జబ్బు ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగి రాసుకోవడం. అందరూ లేదనే అంటారు. నేనూ లేదని రాసేసి తర్వాతి మనిషిని పిలిచేదాన్ని.

జమ్మలమడుగు నుంచి వచ్చిన రామతులసి కూడా లేదనే అంది. పుట్టిల్లూ అత్తిల్లూ ఆ ఊళ్లోనే. పాతికేళ్లుంటాయి. మోచేతుల మీద పొట్టు రేగే ఎర్రటి మచ్చలు. ఇన్నేళ్లు చూసిన కంటికి అది సోరియాసిస్ అని తెలిసిపోతుంది. అత్తగారి చంకలో ఏడాది నిండని పాప తల్లి కోసం చేతులు చాచి ఏడుస్తోంది. ఈమేమో చేతులు కట్టుకుని దూరంగా కూర్చుంది. నాకు ఒళ్లు మండింది.

"బిడ్డ అట్ల ఏడుస్తాంటే ఎత్తుకోవేందమ్మా?"

"అంటుకుంటాది కదా మేడం. నా చాప, నా టవాల అన్నీ వేరే పెట్టుకున్న్యా. మా యమ్మ గూడా అట్లనే ఉంటాండె."

నా పెన్ను ఆగింది. "మీ యమ్మకూ ఉండెనా?"

"మాకేం చెప్పల్యా. ఎండాకాలంలో గూడా నిండు చేతుల రవికె తొడుక్కుంటాండె. మేం లేవకముందే చాప దులుపుతాండె. నన్ను ఒక్కనాడూ ఒళ్లో కూచ్చోబెట్టుకోల్యా. నేనంటే ఇష్టం ల్యాదనుకుంటి. ఆమె పోయి ఆరేండ్లాయ."

ముట్టుకుంటే ఇది రాదని చెప్పాను. అమ్మానాన్నల నుంచి ముక్కూ మొహం వచ్చినట్టే, జీన్స్‌లో ఈ జబ్బుకు లోబడే గుణం రావచ్చు. ఒక్క జీన్ కాదు, చాలా కలవాలి. అవి ఉన్నా ఏ గొంతునొప్పో, మనోవేదనో రేపితే తప్ప చాలామందికి జబ్బు బయటపడదు. పాపకు వచ్చి తీరాలని ఏమీ లేదు.



"అయితే మా యమ్మ నన్ను ఎత్తుకొనింటే ఏం అయ్యేది కాదా?"

"ఏం అయ్యేది కాదు."

"ఎత్తుకోకపోయినా రానే వచ్చె కదా మేడం."

లేచి వెళ్లి అత్త చేతుల్లోంచి పాపను తీసుకుంది. పాప ఆమె మెడ పట్టుకుని ముఖం దాచుకుంది. లోపలి నుంచి పిలుపు వచ్చినా ఆమె కదలలేదు.

"మా యమ్మకు ఎవరన్నా చెప్పింటే బాగుండు," అంది.

కాగితం మీద 'లేదు' కొట్టేసి 'తల్లి' అని రాశాను. అప్పటి నుంచి జబ్బు ఎవరికుందని మాత్రమే అడగను. మీ ఇంట్లో ఎవరైనా వేరే చాప మీద పడుకుంటారా అని కూడా అడుగుతాను. దానికి జవాబు వస్తుంది.

నేను చేరాక రామతులసి తల్లి ఇంకా ఐదేళ్లు బతికే ఉంది. ఆ ఐదేళ్లూ నేను ఇదే కుర్చీలో ఉన్నాను, జమ్మలమడుగులో బస్సెక్కితే గంట దూరంలో.