తుడుచుడు వేరు, కడుగుడు వేరు

పటేల్‌గూడలో మాకు రెండిళ్ల అవతల ఉండే సిస్టరక్క బుధవారం పొద్దున పోయింది. చాయ్ పెట్టుకుంటూ పొయ్యి దగ్గరే కూలబడిపోయిందట. "చిన్నమ్మా, అమ్మ లేదు" అని ఆమె కూతురు ఫోన్ చేసింది.

చాలా ఏళ్ల కిందట అక్క పటాన్‌చెరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఐసీయూ నర్సుల ఇన్‌చార్జిగా ఉండేది. ఆమె ఉందన్న ధైర్యంతోనే మా ఆయన గుండె ఆపరేషన్ అక్కడ చేయించాం. మూడో రోజు నుంచి ఆయనకు చలిజ్వరం పట్టుకుంది. మందులు మార్చినా తగ్గలేదు. జ్వరం ఎక్కడిదో డాక్టర్లకు అంతుపట్టలేదు. ఇంట్లో గ్యాస్ బండ ఏ రోజు మార్చామో కూడా రాసుకునే అలవాటు నాది. బయట బెంచీ మీద కూర్చుని, లోపలి నుంచి నర్సులు "దుప్పటి ఇయ్యుండ్రి" అని పిలిచినప్పుడల్లా పుస్తకంలో టైము రాసుకునేదాన్ని.

అక్క ఆ పుస్తకం చూసింది.

"గిదేంది చెల్లె?"

"ఆయన వణికిన టైములక్కా. ఊకె కూసోలేక రాసిన."

ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదివింది. "ఇవన్నీ మేం రక్తం తీసిన టైములే" అంటూ నా పక్కన కూర్చుండిపోయింది.

తర్వాత నెమ్మదిగా చెప్పింది. మణికట్టు రక్తనాళంలో పెట్టిన గొట్టానికీ, బీపీ చూపించే మానిటర్‌కూ మధ్య ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. రక్తం తీసిన ప్రతిసారీ దాని గుండా సెలైన్ వదులుతారు; ముక్కలో క్రిమి ఉంటే అదీ రక్తంలోకి పోతుంది. ఒకరికి వాడాక ఆ ముక్కను పారేయాలి. కొత్తవి రాలేదని స్పిరిట్‌తో తుడిచి ఇంకొకరికి పెట్టారు.

"తుడిచి పెట్టుమన్నది నేనే, చెల్లె."

ఆ మాటతోనే లేచింది. లోపలికి వెళ్లి పెద్ద డాక్టరుకూ అదే మాట చెప్పింది. ముక్కలన్నీ తీయించి పరీక్షకు పంపింది. వాటిలో ఉన్న క్రిమే మా ఆయన రక్తంలోనూ తేలింది. సరైన మందు పడింది, ఆయన లేచాడు. పక్క మంచం మీది అవ్వకూ తుడిచిన ముక్కే పెట్టారు. ఆమె లేవలేదు.

అక్క ఆ అవ్వ ఊరికి వెళ్లి, ఇంటివాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పింది. కొడుకు చాలాసేపు తిట్టాడట. "తిట్టిండు గనక బతికిన. కూసో, నీళ్లు తాగు అంటే ఏమైపోదునో" అని నాతో ఒక్కసారే అన్నది.

ఆస్పత్రివాళ్లు ఆమెను ఐసీయూ నుంచి తీసేసి, కింద బీపీ చూసే కుర్చీలో కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా అక్కడే పనిచేసింది. కొత్త నర్సులను పిలిచి మరీ చెప్పేదట: "తుడుచుడు వేరు, కడుగుడు వేరు, పారేసుడు వేరు. మూడూ ఒక్కటే అనుకుంటే మనిషి పోతడు."

నేను మరిచిపోయి గ్లాసు కొంగుతో తుడిచి నీళ్లిస్తే, "నా ముందటనేనా?" అనేది. మా ఆయన ఊరుకునేవాడు కాదు.

"ఇంతకూ నన్ను తుడిచినవా, కడిగినవా వదినా?"

"నిన్ను పారేద్దామనే అనుకున్న. మా చెల్లె ఊకోలేదు."

ఇంత జరిగాక కూడా ఆమెతో మాటలేమిటని మా చుట్టాలు అడిగారు. ఆమె దాచి ఉంటే మాకు ఎన్నటికీ తెలిసేది కాదు. నాకు ఆయన మిగిలేవాడు కాదు. అదే చెప్పాను వాళ్లకు.

అక్కవాళ్ల చర్చి సమాధుల దగ్గర ప్రార్థన అయ్యాక అందరూ తలా గుప్పెడు మట్టి వేశారు. మా ఆయన చొక్కా చేతులు పైకి మడిచి వంగాడు. మణికట్టు మీద, గొట్టం పెట్టిన చోట, తెల్లటి చిన్న మచ్చ కనిపించింది. మట్టంతా వేళ్ల సందుల్లోంచి జారిపోయినా, ఆ చేయి గోతి మీదికి అలాగే చాపి ఉంచాడు.