ఎర్రగా మిగిలిన పై అర

ఆ ప్రయోగశాలలో ఆవిడను అందరూ సీసాలక్క అంటారు. ఇరవై ఆరేళ్ళుగా క్యాన్సర్ కణాలను సీసాల్లో పెంచడమే ఆవిడ పని. పెద్ద చదువులేం లేవు. కానీ కణాలకు ఆహారంగా సీసాలో పోసే ద్రవం రంగు చూసి కణాల సంగతి చెప్పేస్తుంది. ఎర్రగా ఉంటే వాటికి కడుపు నిండినట్టు, పసుపెక్కితే ఆమ్లం పేరుకున్నట్టు. పసుపు కనబడితే ఆవిడ చేతులు ఊరుకోవు, పాత ద్రవం తీసి కొత్తది పోసేయాల్సిందే. మొగుడికి ఇంత శ్రద్ధగా వడ్డించి ఎన్నాళ్ళయిందో ఆయన్నే అడగాలి.

ఆ ఏడాది అక్కడ పరిశోధన చేస్తున్న అమ్మాయి ఒకే ఒక్క ప్రోటీను మీద ఆశలన్నీ పెట్టుకుంది. కణంలో ఇంధనం కాల్చి శక్తినిచ్చే పొయ్యిలాంటిది మైటోకాండ్రియా. చక్కెర విరిగాక మిగిలే పైరువేట్ అనే పదార్థాన్ని ఆ పొయ్యిలోకి చేరవేసేది ఈ ప్రోటీను. చాలా క్యాన్సర్ కణాల్లో ఇది తక్కువ. అందుకని పైరువేట్ బయటే ఆమ్లంగా మారి, ద్రవం త్వరగా పసుపెక్కుతుంది. ప్రోటీనును తిరిగి పెడితే కణాలు దారికొస్తాయనీ, ద్రవం ఎర్రగానే నిలుస్తుందనీ అమ్మాయి లెక్క. అది నిజమైతే ఆరేళ్ళ చదువు గట్టెక్కుతుంది, కాకపోతే మళ్ళీ మొదటికి.

శనివారం ఆమె ప్రోటీను పెట్టిన కణాల సీసాలను, కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ పెట్టెలో పై అరలోనూ, పెట్టనివాటిని కింది అరలోనూ ఉంచింది. సోమవారం దాకా ముట్టుకోవద్దని చీటీ రాసి బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఆదివారం వచ్చిన సీసాలక్క బల్ల వైపు చూస్తేనా? నేరుగా ఇంక్యుబేటర్ తలుపు తీసింది. రెండు అరలూ పసుపు తిరుగుతున్నాయి. పై అర సీసాల్లో కొత్త ద్రవం పోసేసరికి తెచ్చిందంతా అయిపోయింది. కిందివాటికి రేపు కలుపుదాంలే అనుకుని ఇంటికి పోయింది.

సోమవారం ఉదయానికి పై అర ఎర్రగా, కింది అర పసుపుగా ఉన్నాయి. అమ్మాయి ఒక్కో సీసానూ వెలుతురుకెత్తి చూస్తూ ఉండిపోయింది. ప్రొఫెసర్ వచ్చి, "ఇంకేం, రాయడం మొదలుపెట్టమ్మా" అన్నాడు. సీసాలక్కకు అప్పుడు కనబడింది బల్ల మీది చీటీ. చెబితే ఆ పిల్ల ఆశ మట్టిపాలు, ఇన్నేళ్ళ తన మంచిపేరూ పోతుంది. చెప్పకపోతే అడిగే నాథుడు లేడు.

మధ్యాహ్నం ప్రొఫెసర్ ముందే అమ్మాయికి చెప్పేసింది.

"పైవాటికి నిన్న నేనే కొత్తది పోశానమ్మా. అప్పటికి అవీ పసుపుగానే ఉన్నాయి. నీ చీటీ చూళ్ళేదు."

అమ్మాయి మొహం పాలిపోయింది. ప్రొఫెసర్ కేకలేయలేదు. ఇకమీదట ఆదివారాలు రానక్కర్లేదని మాత్రం అన్నాడు. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేదని ఆవిడకు అనిపించింది.

ప్రయోగం మళ్ళీ చేశారు. ఈసారి సీసాలక్క తలుపు దగ్గరికి కూడా పోలేదు. రెండు అరలూ పసుపెక్కాయి. ఇంకోసారి చేశారు. మళ్ళీ అంతే. ప్రోటీను పెట్టినా ఈ కణాలు తమ దారిన తామున్నాయి.

ఆ సాయంత్రం గదిలో ఇద్దరే మిగిలారు. అమ్మాయి సీసాలు సర్దుతూ, తల ఎత్తకుండానే అంది.

"మీరు చెప్పకుండా ఉంటే బాగుండేది అక్కా."

సీసాలక్కకు కోపం రాలేదు. ఏదైనా అనాలి కాబట్టి ఉన్నదే అంది.

"నాకూ అలాగే అనిపించింది, ఆ సోమవారం."

"ఎంతసేపు?"

"భోజనం దాకా."

అమ్మాయికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ముక్కు తుడుచుకుని నోటుపుస్తకం ముందుకు లాక్కుంది. పై అర పసుపు, కింది అర పసుపు అని రాసింది. కింద తన సంతకం పెట్టి, సాక్షి సంతకం కోసం పెన్ను ఆవిడ చేతికిచ్చింది.