పాలేరుకు పెట్టని లావత్తు

1978లో నేను పోలీసు శాఖ షార్ట్‌హ్యాండ్ రిపోర్టరుగా నందిగామ సబ్ డివిజన్‌కు వచ్చాను. బందరులోని జిల్లా కార్యాలయం నుంచి నన్ను అక్కడికి వేశారు. పేరుకు పోలీసునే గాని లాఠీ లేదు, టోపీ లేదు, మఫ్టీలోనే ఉద్యోగం. ప్రొబేషన్ ఇంకా డిక్లేర్ కాలేదు. అంటే పై అధికారికి నా మీద కోపం వస్తే ఇంటికి పంపడానికి పెద్ద కారణం వెతుక్కోనక్కర్లేదు. కొత్తగా పెళ్లయి, రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్న రోజులవి.

మా పని చాలామందికి తెలియదు కాబట్టి కాస్త చెబుతాను. రాజకీయ పార్టీల బహిరంగ సభల్లో వేదిక పక్కనే బల్ల వేయించుకుని కూర్చోవాలి. వక్త చెప్పిందంతా సంకేత లిపిలో ఎక్కించుకోవాలి. వారం లోపల దాన్ని మామూలు తెలుగులోకి విడమరిచి రాసి డి.ఎస్.పి. గారికి సమర్పించాలి. నోటి నుంచి వచ్చిన మాట వచ్చినట్టే ఉండాలి. వ్యాకరణం దిద్దకూడదు, తిట్టును మెత్తబరచకూడదు. జనం ఏం చేశారో కూడా అక్కడికక్కడే బ్రాకెట్లలో వేయాలి: (చప్పట్లు), (ఈలలు), (నవ్వులు). ఈ బ్రాకెట్లను చాలామంది రిపోర్టర్లు బద్ధకించి వదిలేసేవారు. నాకు మాత్రం వాటి మీద కొంచెం మమకారం ఎక్కువ.

వక్తలకు మా మీద కోపం ఉండేది కాదు. “రాసుకోవయ్యా రిపోర్టరూ, ఈ ముక్క వదలమాక” అని మైకులోనే అనేవారు. నేను వెనకబడ్డానని తోస్తే ఆగి మంచినీళ్లు తాగేవాడు దేవదానం మాస్టారు ఒక్కడే. జగ్గయ్యపేటలో ప్రతిపక్షానికి ఆయనే గొంతు. మిషన్ బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి, చూడటానికి సన్నగా ఉండేవాడు గాని ఆ గొంతుకు మైకు దండగ.

ఆయన ప్రసంగాలన్నీ చివరకు ఒకే మనిషి దగ్గరకు చేరేవి. ఆ మనిషి నాగభూషణంగారు. జిన్నింగు మిల్లు, సున్నపురాయి క్వారీలు, వాటికి తగినన్ని లారీలు ఉన్న ఆసామి. ఆయనకు ఏ పదవీ లేదు. కానీ పేటకు బదిలీ మీద వచ్చిన ఏ ఆఫీసరైనా ముందు మిల్లుకు వెళ్లి కాఫీ తాగి, ఆ తర్వాతే ఆఫీసుకు వెళ్లి చార్జి తీసుకునేవాడు. కాఫీ బాగుండేదని అందరూ చెప్పేవారు.

ఆ ఏడు మిరప తోటలకు నీళ్లు కావాల్సిన వేళ రైతుల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. వారాలు గడిచినా కొత్తది రాలేదు. అదే సమయంలో మిల్లు ట్రాన్స్‌ఫార్మర్ పొద్దున కాలితే మధ్యాహ్నానికి మార్చారు. దాని మీద ఒక సాయంత్రం పేట బస్టాండు ఎదుట సభ పెట్టారు. దేవదానం మాస్టారు లేచి, కొత్తగా వేసిన తారు రోడ్డు సరిగ్గా మిల్లు గేటు దగ్గర ఎందుకు ఆగిపోయిందో, పాపం దానికి ఆయాసం వచ్చిందేమో అని మొదలుపెట్టి, తర్వాత ఈ మాటలన్నాడు:

“మా చిన్నప్పుడు ఈ పేటకి పాలేరు ఒక్కటే ఉండేదండి. ఇప్పుడు చూస్తే కరెంటాఫీసులో పాలేరు, రోడ్లాఫీసులో పాలేరు, యాడ జూసినా పాలేరే. అన్నీ పోయి ఆ మిల్లు గేటు కాడే కలుస్తన్నయ్యి.”

పేట పక్కన పారే ఏరు పేరు పాలేరు. జీతానికి కుదిరి ఆసామి ఇంట్లో పనిచేసే వాణ్ణీ పాలేరనే అంటాం. జనం కడుపులు పట్టుకున్నారు. నేను మాట రాసి, పక్కన (పెద్దగా నవ్వులు) అని వేశాను.

మూడో రోజున కరెంటు ఇంజనీరు, రోడ్ల ఓవర్సీరు నందిగామ వచ్చి ఫిర్యాదు ఇచ్చారు. ప్రభుత్వోద్యోగులను బహిరంగంగా పాలేర్లన్నాడు, కేసు పెట్టి లోపల వేయాలని దాని సారాంశం. వాళ్లు వచ్చింది నాగభూషణంగారి కారులో. దిగింది ముగ్గురు, మూడో ఆయన కారు సొంతదారు.

ఆ సాయంత్రం మా సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారు నా బల్ల దగ్గరకు వచ్చి కూర్చున్నారు. చెడ్డ మనిషి కాదు, పై వాళ్ల మాట కాదనలేని మనిషి.

“ఆయన పాలేర్లు అనలేదంటయ్యా?” అని అడిగారు.

“లేదండి. అన్నిసార్లూ పాలేరు అనే అన్నాడు.”

“పాలేరంటే ఏరని తప్పించుకుంటాడు. పాలేర్లంటే మాత్రం మనుషులే. పేటకి ఏర్లు నాలుగుండవుగా. ర కింద ఒక్క లావత్తు తగిలించు. నీ సొమ్మేం పోయింది? నీ ప్రొబేషన్ కాయితాలు కూడా ఈ నెల్లోనే కదా కదిలేది.”

చివరి మాట ఆయన మామూలుగానే అన్నారు. నాకు మాత్రం అది మామూలుగా వినపడలేదు. ఊరికే తల ఆడించాను. ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతూనే తీర్పు చెప్పేసింది. “లావత్తు పెడితే మాస్టారు జైలుకి పోతాడు. పెట్టకపోతే మనం బందరు పోతాం, మావాళ్లింటికి. బందరే నయం కదండీ.”

మర్నాడు పని మీద పేట వెళితే బస్టాండులో మాస్టారే ఎదురుపడ్డాడు. ఫిర్యాదు సంగతీ, లావత్తు సంగతీ ఎలాగో ఆయన దాకా వచ్చాయి. నన్ను పక్కకు పిలిచి, లావత్తు పెట్టమన్నారట గదా అని అడిగి, పెట్టనని చెప్పాక ఊపిరి పీల్చుకున్నాడు. అంతటితో ఆగలేదు.

“ఇంకో సాయం చెయ్ నాయనా. ఆ నవ్వులు కూడా తీసెయ్. ఏటి పేరు చెబితే జనం ఎందుకు నవ్వారని అడుగుతారు వాళ్లు. నా దగ్గర జవాబు లేదు.”

నాకు ఆయనంటే ఇష్టం, జాలి కూడా వేసింది. అయినా, “జనం నవ్వింది నిజమే కదా మాస్టారూ” అన్నాను.

ఆయన చెప్పుల వంక చూసుకుని, “ఏమని రాశావేంటి? నవ్వులనా?” అన్నాడు.

“పెద్దగా నవ్వులనండి.”

ఆ ముఖంలో వచ్చిన వెలుగు నేనిప్పటికీ మరిచిపోలేదు. “పెద్దగా అనా? అయితే ఉంచు. జైల్లో చెప్పుకోవడానికైనా ఉంటది” అని బస్సెక్కి వెళ్లిపోయాడు.

రిపోర్టు ఉన్నది ఉన్నట్టే ఇచ్చాను. డి.ఎస్.పి. గారు విచారణకు అందరినీ పిలిపించారు. కేసు నిలుస్తుందో లేదో చెప్పడానికి కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించే ప్లీడరు గారు కూడా వచ్చారు. నాగభూషణంగారు పిలవకపోయినా వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నారు. నేను రిపోర్టు చదివాను. మాటా చదివాను, బ్రాకెట్టూ చదివాను.

తాను ఏటి గురించే చెప్పానన్నాడు మాస్టారు. కరెంటాఫీసులో ఏరు ఎక్కడుందని డి.ఎస్.పి. గారు గద్దించారు. “వానాకాలం ఓసారి దయచేయండి సార్, పైకప్పు కింద గొడుగేసుకుని కూర్చుంటారు” అన్నాడాయన. ఇంజనీరు కాదనలేకపోయాడు.

అప్పుడు ప్లీడరు గారు గొంతు సవరించుకున్నారు. “నవ్వులున్నాయి కాబట్టి కేసు పెట్టొచ్చండి. కాకపోతే ఇంజనీరు గారు బోనెక్కి, జనం నవ్వింది నన్ను తలుచుకునే అని ప్రమాణం చేసి చెప్పాలి. పాలేరనగానే ఊరందరికీ మీరే ఎందుకు గుర్తొచ్చారని అవతలి లాయరు అడుగుతాడు. ట్రాన్స్‌ఫార్మర్ కథ అక్కణ్ణించి మొదలెడతాడు.”

ఇంజనీరు ఫ్యాను వంక చూశాడు. ఓవర్సీరు ఇంజనీరు వంక చూశాడు. నాగభూషణంగారికి ఓపిక నశించింది. “ఏమయ్యా, నోరు పడిపోయిందా? లే, లేచి ఎక్కుతానని చెప్పు!” అని గదమాయించారు.

ఇద్దరూ చటుక్కున లేచి నిలబడి, “అలాగేనండి” అన్నారు.

డి.ఎస్.పి. గారు జేబురుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. “కోర్టులో మాత్రం ఇలా లేవకండి సార్” అన్నారు ప్లీడరు గారు, ఎంతో మర్యాదగా. నాగభూషణంగారు విషయం అర్థమై కండువా సర్దుకుని బయటకు నడిచారు. కారు వెళ్లిపోయింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిచ్చి, ఆ ఇద్దరూ ఆర్టీసీ బస్సులో పేట వెళ్లారు.

వారం తిరక్కుండా రైతులకు ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. తాను ఎవరి మనిషీ కాదని చూపించుకోవడానికి ఇంజనీరు దగ్గరుండి బిగించాడు. రోడ్డు మాత్రం మిల్లు గేటు దాటలేదు. నా ప్రొబేషన్ కాయితాల మీద డి.ఎస్.పి. గారు మారుమాట లేకుండా సంతకం పెట్టారు. బందరు ప్రయాణం తప్పింది.

తర్వాత కొన్నేళ్లకు, ఎనభైల మధ్యలో, నాగభూషణంగారికి సొంతంగానే ఎన్నికల్లో నిలబడాలన్న కోరిక పుట్టింది. అదే బస్టాండు ఎదుట సభ పెట్టారు. అదే వేదిక పక్కన బల్ల వేసుకుని నేనే కూర్చున్నాను. ఆయన దండలు తీసి పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించి, “నేను మీ నాయకుణ్ణి కాదు, మీ పాలేరుని” అన్నారు. ఎవరు రాసిచ్చారో గాని పేటలో రాసివ్వకూడని మాట. జనంలో ముందు ఒకడు, తర్వాత పదిమంది, ఆ తర్వాత బస్టాండు మొత్తం నవ్వింది. ఆడవాళ్ల వైపు ముందు వరసలో కూర్చున్న ముసలమ్మలు కూడా ఆపుకోలేకపోయారు.

సభ అయ్యాక ఆయన మనిషి ఒకడు నా దగ్గరకు వచ్చి, ఆ నవ్వుల్ని చప్పట్లు చేయమని అడిగాడు. చేయలేదు.

ఉద్యోగం పాతికేళ్ల పైన చేశాను. ఆ కేసు నాకు నేర్పింది ఇంతే. మాటకు అర్థం చెప్పడం రిపోర్టరు పని కాదు, అది విన్నవాళ్లు చెప్పుకుంటారు. వక్త అన్నది రాయాలి, జనం నవ్వింది రాయాలి, ఎవరు అడిగినా రెంటిలో దేన్నీ ముట్టుకోకూడదు.