బాగున్నవాళ్ళ జాబితా

ఊపిరక్క అసలు పేరు ఆ వీధుల్లో ఎవరికీ అక్కర్లేకపోయింది. క్లినిక్‌లో నేల తుడిచే పనికి చేరిన మనిషి. ఉబ్బసం ఉన్న పిల్లల ఇళ్ళకు తిరిగి మంచిచెడ్డలు చూసే మనిషి కావాలి అన్నప్పుడు, అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే "నేను పోతా" అని ముందుకొచ్చింది. కాస్త బొద్దు మనిషి కావడంతో మూడో అంతస్తు ఎక్కేసరికి గుమ్మం పట్టుకుని రొప్పేది. పిల్లలు తాము మందు పీల్చే పంపు తెచ్చి ఆవిడకే ఇవ్వబోయేవాళ్ళు.

"ముందు మీరు పీల్చండి పెద్దమ్మా!"

"పోండర్రా, నాది ఉబ్బసం కాదు, ఒళ్ళు!" అనేది.

పని మాత్రం ఆషామాషీది కాదు. పంపు ఎలా ఊపాలో, మందు పీల్చి పది లెక్కపెట్టేదాకా ఊపిరి ఎలా బిగబట్టాలో నేర్పాలి. గోడల చెమ్మ చూడాలి, ఇంట్లో సిగరెట్లు కాల్చే తాతలతో పోట్లాట పెట్టుకోవాలి. అన్నిటినీ మించి ఒక్క మాట నూరిపోయాలి: నీలం పంపు ఆయాసం వచ్చినప్పుడు, గోధుమరంగు పంపు పిల్ల గంతులేస్తున్నా సరే, రోజూ. ఈ రెండోది ఎవరి చెవికీ ఎక్కదు. బాగున్న పిల్లకు మందెందుకని ఏ తల్లికైనా అనిపిస్తుంది.

పరుపుల షాపులో దూది కూరే ఒకామెకు ఒక్కతే కూతురు, ఏడేళ్ళది. బక్కపలచని పిల్ల కాబట్టి పిచ్చుక అనేవాళ్ళు. ఊపిరక్క మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ పిల్ల ఛాతీలో పిల్లికూతలు గుమ్మం దాకా వినిపించాయి. తల్లి జుట్టులో దూది పోగులు చూడగానే ఊపిరక్కకు సంగతి సగం అర్థమైపోయింది. "షాపు నుంచి రాగానే బట్టలు మార్చుకో తల్లీ, ఆ తర్వాతే పిల్లను దగ్గరికి తీసుకో" అంది. అప్పట్నుంచి రోజూ సాయంత్రం పిచ్చుక స్నానాలగది తలుపు బయట నిలబడి "అయిందా? ఇప్పుడు రానా?" అని ప్రాణం తీసేది. రోజూ రెండుపూటలా గోధుమరంగు పంపు. ఎనిమిది నెలలకు పిల్ల తేరుకుంది.

అప్పట్లో క్లినిక్‌లో ఒక పద్ధతి ఉండేది. మూడు నెలలు ఆయాసం రాని పిల్లల పేరు బాగున్నవాళ్ళ జాబితాలోకి మార్చేవాళ్ళు, ఆ ఇంటికి ఇక వెళ్ళేవాళ్ళు కాదు. కొత్త ఇళ్ళు వరసలో ఉంటాయి కదా మరి. ఇప్పుడా పద్ధతి లేదు. అది ఎందుకు పోయిందో చెప్పడానికే ఇదంతా.

పిచ్చుక పేరు మార్చిన రోజు ఆ పిల్ల మూడంతస్తులూ రెండుసార్లు ఎక్కి దిగి చూపించింది. ఊపిరక్కకు కాళ్ళు నేలమీద ఆగలేదు. "ఇక నేను రానక్కర్లేదు తల్లీ, మీకు నాతో పనైపోయింది" అని నవ్వుతూ చెప్పి వచ్చేసింది. వెళ్ళిన ప్రతిసారీ చెప్పే ఆ గోధుమరంగు పంపు మాట, చెప్పాల్సిన ఆ ఒక్కరోజు మాత్రం చెప్పలేదు.

ఏడు వారాల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం పిచ్చుకకు ఊపిరి అందలేదు. నీలం పంపు ఎంత కొట్టినా ఆయాసం లొంగలేదు. ఆసుపత్రి దారిలోనే, తల్లి ఒళ్ళోనే పోయింది.

పలకరించడానికి వెళ్ళిన ఊపిరక్క కళ్ళు ముందుగా అల్మారా మీదికే పోయాయి. గోధుమరంగు పంపు వెనక గడిలో ఎన్ని మోతాదులు మిగిలాయో అంకె కనిపిస్తుంది. చివరి రోజున తను పుస్తకంలో రాసుకున్న అంకెకు, దీనికి తేడా ఎనిమిదే. అంటే నాలుగు రోజులు వాడి ఆపేశారు.

తల్లి తల బాదుకుంటోంది. "తగ్గిపోయింది కదా అని ముందురోజు షాపు బట్టలతోనే ఎత్తుకున్నానక్కా! నా చేతులతో నేనే చంపుకున్నాను!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కాదనలేదు. ఊపిరక్క నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. ఉద్యోగం పోతుందని, ఏ ఇంటివాళ్ళూ గడప తొక్కనివ్వరని భయం. భయమే, ఇంకేం కాదు. ఆ తర్వాత ఆ వీధి మొహమే చూడకుండా చుట్టూ తిరిగి పోతుండేది.

పిచ్చుక తల్లి షాపు మానేసిందని, ఎవరి పిల్లలు ఎదురొచ్చినా పక్కకు తప్పుకుంటోందని చివరికి ఎవరో చెప్పారు. ఆ మాట విన్నాక ఊపిరక్క ఉండలేకపోయింది. వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"నీ బట్టల వల్ల కాదు తల్లీ. రోజూ వాడే పంపు ఆగిపోయింది. ఆపొద్దని చెప్పాల్సింది నేను. ఆరోజు చెప్పలేదు."

"మీరే రానక్కర్లేదంటే జబ్బే పోయిందనుకున్నాను" అందామె మెల్లగా, నేల చూస్తూ. తర్వాత తలెత్తింది. "పంపు ఆగిందని మీకెప్పుడు తెలిసింది?"

"పలకరించడానికి వచ్చిన రోజే. ఇక్కడే."

"పంతొమ్మిది రోజులైంది" అందామె. "మర్చిపోయారంటే మనుషులన్నాక మర్చిపోతారు. తెలిసి కూడా, నేనే చంపుకున్నానని నన్ను ఇన్నాళ్ళు ఎలా ఏడవనిచ్చారక్కా?"

ఊపిరక్క ఆమె చెయ్యి పట్టుకోబోయింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.